స్టాపుల పేర్లు పిలిచిన గని దిగి చూడలే

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆర్టీసీల ముప్పై ఒక్క ఏండ్లు కండక్టర్‌గ చేసి రిటైరైన. ఉండేది రాంనగర్. పేపర్‌కు రాసుడు ఇదే మొదటిసారి. మా మనవరాలు ఫోన్ల తెలుగు టైపింగ్ పెట్టిచ్చింది, తప్పులుంటె జర మీరే సవరించుకోండ్రి గని మాటలు మాత్రం కోయకుండ్రి. కొంచెం పొడుగైతది, టికెట్ కొట్టినంత తొందరగ నాకు రాసుడు రాదు.

సంగతేందంటె మా కాలనీల పొద్దుగాల నడిచే బ్యాచ్ ఒకటున్నది. షుగరున్నోళ్ళు, బీపీ ఉన్నోళ్ళు, ఇంట్ల మాట పడక బయటికొచ్చెటోళ్ళు, అందరం కలిస్తె ఇరవై మంది దాక అయితం. దినాం అవే గల్లీలు, అవే కుక్కలు. మా బ్యాచ్‌ల హిస్టరీ లెక్చరర్‌గ చేసి రిటైరైన సార్ ఒకాయన ఉన్నరు. ఆయన ఒకరోజు చాయ్ తాగుకుంట అన్నరు, గానుగెద్దు లెక్క ఈ గల్లీలల్ల తిరిగేకంటె ఒక ఆదివారం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ కాడ దిగి, పార్కు నుంచి పార్కుకు నడుసుకుంట ఇందిరా పార్కు దాక వద్దాం, నడ్మల ఏ చోటు కథ ఆ చోటనే చెప్త అని. పోరగాండ్లు వెంటనే వాట్సాప్‌ల దానికి హైక్ అని పేరు పెట్టిన్రు. నాకు హైక్ అంటె జీతం పెంచుడే తెలుసు, రిటైరైనంక ఇంకెక్కడి హైక్ అనుకున్న. తీరా చూస్తె నడుసుడే నట.

మొన్న డిసెంబర్ల ఒక ఆదివారం పొద్దుగాల ఆరున్నరకు పదిహేడు మందిమి దిగినం. పిల్లలు నలుగురు, మిగిలినోళ్ళంత యాభై దాటినోళ్ళే. మోకాళ్ళ నొప్పులున్న ఒక అక్కయ్య పులిహోర డబ్బ పట్టుకొని వచ్చింది, నడిచినంత సేపు ఆ డబ్బ ఎవ్వరికియ్యలే.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆడ గేటు కాడనే మొదలైంది. సార్ అడిగిన్రు, కండక్టర్ సాబ్, పబ్లిక్ గార్డెన్స్ అని ఎన్నిసార్లు పిలిచి ఉంటవు, దీని అసలు పేరేందో చెప్పు అని. నా నోట్లకెళ్లి మాట రాలే. అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్, లక్డీకాపూల్, లిబర్టీ, ట్యాంక్‌బండ్, కట్టమైసమ్మ, ఇందిరా పార్క్, ఈ పేర్లు నేను నిద్రల గూడ పిలుస్త అని మా ఇంటామె నవ్వుతది. గని పేరెందుకు వచ్చిందో ఒక్కదానికి తెల్వది. లక్డీకాపూల్ అంటె కట్టె వంతెన అని మాత్రం తెలుసు, ఉర్దూ వచ్చు గాబట్టి. లిబర్టీ అంటె లిబర్టీ టాకీసు, టాకీసు పోయింది, పేరు మిగిలింది. ఇంతే నా హిస్టరీ.

పబ్లిక్ గార్డెన్స్ అసలు పేరు బాగే ఆమ్ అట. బాగ్ అంటె తోట, ఆమ్ అంటె మామూలు జనం. 1846ల పెట్టిన తోట. అంటె రైలు లేని కాలం, బస్సు ముచ్చటనే లేని కాలంల ఇది జనం తోట. తర్వాత దాన్ని ఇంగ్లీషుల తిప్పి పబ్లిక్ గార్డెన్స్ అన్నరు, అదే బస్సు బోర్డుకెక్కింది. సార్ ఈ మాట చెప్తుంటె నాకు ఒకటొకటి యాదికొచ్చినయి. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, మా ఇంటి పక్కన బాగ్‌లింగంపల్లి, అటుదిక్కు మూసారాంబాగ్. మూసారాంబాగ్ అంటె ఎవరో రాములవారి భక్తుడనుకున్న ఇన్నాళ్ళు, అది నిజాం తాన పనిచేసిన ఫ్రెంచి కమాండర్ ముస్సే రేమాండ్ పేరు జనం నోట్ల నలిగి అట్లయిందట, ఆయన 1798ల చచ్చిపోయిండు. ఎన్ని బాగులు పిలిచిన్నో నేను. ఒక్క దాంట్ల గూడ తోట చూసిన్నా అంటె లేదు, చిల్లర ఇయ్యి అనుడే సరిపాయె.

లోపలికి పోతె చెట్ల నడ్మల జూబ్లీ హాల్ కనపడ్తది. 1937ల నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడి సిల్వర్ జూబ్లీ ఆడనే చేసిన్రు, అందుకే ఆ పేరు. పక్కకు మ్యూజియం, అండ్ల ఈజిప్టు మమ్మీ ఉన్నదంటె పిల్లలు ఇప్పుడే చూడాలె అని గునుస్తున్నరు, అంత పొద్దుగాల ఎవడు తెరుస్తడు. నాకు మాత్రం మా నాయిన మాట యాదికొచ్చింది. ఎన్కట జూ గూడ ఈడనే ఉండేది. మా నాయిన భువనగిరి దిక్కు మా ఊరికెల్లి పట్నం వచ్చి పబ్లిక్ గార్డెన్స్‌ల పులిని చూసొచ్చినా అని చెప్పేటోడు, మేం నమ్మకపోయేది. పట్నం నడ్మల పులి ఎందుకుంటది, బడాయి కొడ్తున్నడు అనుకునేది. 1963ల జంతువుల కోసం బహదూర్‌పురా దిక్కు నెహ్రూ జూ తెరిచిన్రు, అంతకు ముందు ఉన్నవి ఈ తోటలనే. నాయిన పోయి ఇరవై ఏండ్లాయె. ఆయన అబద్ధం చెప్పలేదని నాకు అరవై దాటినంక తెలిసింది.

అసెంబ్లీ తెల్ల గుమ్మటాల కాడ ఇంకోటి చెప్పిన్రు సార్. అది మొదలు టౌన్‌హాల్ అట. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యో పుట్టినరోజు గుర్తుగ పట్నం జనం చందాలేసుకొని కట్టిచ్చుకున్నరు. 1905ల పునాది, 1913ల పూర్తయింది. పాషా 1911లనే పోయిండు, పూర్తయిన బిల్డింగ్ చూడనేలేదు. ఆ గుమ్మటాలను నేను బస్సు కిటికీలకెళ్లి కొన్ని వేలసార్లు చూసిన, ఎమ్మెల్యేలు కొట్లాడుకునే బిల్డింగ్ అనే తెలుసు. జనం చందాలు అంటె మాత్రం నిలబడి కొంచెం సేపు చూసిన. పులిహోర అక్కయ్య అన్నది, మన గుడికి చందా అడిగితె రసీదు అడుగుతరు, వాళ్ళకు రసీదిచ్చిన్రో లేదో అని.

ఈడినుంచి గన్‌పార్క్ ఎదురంగనే. కండ్లకు కనపడే దూరం. గని రోడ్డు దాటాలె. పదిహేడు మందిమి ఒక దిక్కు నిలబడి అటు చూసుడు ఇటు చూసుడు. ఆదివారం పొద్దుగాల గాబట్టి బండ్లు తక్కువ, తక్కువ గాబట్టే స్పీడు ఎక్కువ. సిగ్నల్ పడ్డ గూడ ఎడమ దిక్కు తిరిగెటోడు ఆగడు. కొసకు నేనే పాత అలవాటు కొద్ది రోడ్డు మీదికి దిగి చెయ్యి అడ్డం పెట్టి, హోల్డాన్ అని ఒర్లి అందర్ని దాటిచ్చిన. ఒక కారాయన అద్దం దించి నన్ను తిట్టిండు కూడ, ఆ తిట్టు పేపర్ల రాసేది కాదు.

గన్‌పార్క్ చిన్న జాగ. రెండు నిమిషాలల్ల చుట్టు తిరిగి రావచ్చు. గని మేం ఎక్కువ సేపు కూసున్నది ఆడనే. 1969 తెలంగాణ ఉద్యమంల చచ్చిపోయిన పోరగాండ్ల స్తూపం అది, 369 మంది అని చెప్తరు. ఎక్కా యాదగిరిరావు అనే శిల్పి చెక్కిండు. మేం దినాం టీవీల చూస్తం, నాయకులు పూలు పెట్టుడు, దండం పెట్టుడు. గని దగ్గరికి పోయి చూస్తె కింద నల్లరాయి మీద బులెట్ దిగినట్టు రంధ్రాలున్నయి. పైన పువ్వుకు తొమ్మిది రేకులు. మా మనవడు లెక్కపెట్టి తొమ్మిదే ఎందుకు, పది జిల్లాలు గదా తాతా అన్నడు. వాని బుక్కుల 33 జిల్లాలున్నయి గని పాత లెక్క నేను చెప్పిన. సార్ నవ్విన్రు, రంగారెడ్డి జిల్లా 1978ల వచ్చింది, స్తూపం అనుకున్నప్పుడు తెలంగాణకు తొమ్మిదే జిల్లాలు అన్నరు. ఒక్క రేకు లెక్కల ఇంత ముచ్చట ఉన్నది. 69ల నాకు తొమ్మిదేండ్లు. మా పెద్దన్న భువనగిరిల చదువుతుండె, కాలేజీలు బందై ఒక ఏడాది చదువు పోయింది, మల్ల ఎక్కలే ఆయన, పొలం పట్టిండు. ఆ ముచ్చట నేను మా మనవనికి ఎన్నడు చెప్పలే, ఆ మెట్ల మీద కూసొని మొదటిసారి చెప్పిన. వాడు ఫోన్ పక్కకు పెట్టి విన్నడు, అది గూడ రాస్తున్న ఎందుకంటె అది మామూలు విషయం కాదు.

తర్వాత బిర్లా మందిర్ గుట్ట ఎక్కినం. గుట్ట పేరు నౌబత్ పహాడ్. నౌబత్ అంటె నగారా. నవాబుల కాలంల రాజు ఫర్మానా ఏదైన వస్తె ఈ గుట్ట మీద నగారాలు కొట్టి జనానికి వినిపిచ్చేటోళ్ళట. అంటె అప్పటి బ్రేకింగ్ న్యూస్ అన్నట్టు. ఇప్పుడు గుట్ట మీద 1976ల తెరిచిన తెల్ల పాలరాతి గుడి ఉన్నది, రెండు వేల టన్నుల రాజస్థాన్ రాయి అట. ఆ గుడిల గంటలు లేవు. నేను గమనించనే లేదు ఎన్నడు. రామకృష్ణ మిషన్ రంగనాథానంద స్వామి, ధ్యానానికి అనువుగ నిమ్మలంగ ఉండాలె, గంటలు వద్దు అన్నరట. నగారాలు కొట్టిన గుట్ట మీద గంట గూడ లేని గుడి. దీనికి సార్ ఏం వ్యాఖ్యానం చెప్పలే, మెట్లెక్కి ఆయాసంల ఉన్నరు. అక్కయ్య మాత్రం కిందనే కూసున్నది, పులిహోర డబ్బకు కాపలా.

దిగినంక సెక్రటేరియట్ పక్కకెల్లి లుంబినీ పార్కు. ఇక్కడ నేను పెద్దగ మాట్లాడలే. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం, నేను డ్యూటీల ఉన్న. ముందుకు బండి పోవద్దన్నరు, ఎందుకో ఎవ్వరికి తెల్వది, అప్పుడు అందరి చేతిల స్మార్ట్‌ఫోన్లు లేవు. తర్వాత తెలిసింది లేజర్ షో కాడ బాంబు, కోఠిల గోకుల్ చాట్ కాడ ఇంకోటి. మొత్తం 42 మంది పోయిన్రు, అండ్ల మహారాష్ట్రకెల్లి టూర్‌కు వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు గూడ ఉన్నరు. ఆ రాత్రి బస్సుల ఒక్క మనిషి మాట్లాడలే, టికెట్ అడిగితె పైసలు చేతిల పెట్టుడే, చిల్లర గూడ అడగలే ఎవ్వరు. మా బ్యాచ్‌ల పిల్లలకు ఈ సంగతి తెల్వనే తెల్వదు, వాళ్ళు అప్పటికి పుట్టలే. లుంబినీ అంటె వాళ్ళకు బోటు, ఐస్‌క్రీము. అది తప్పని నేననను, పిల్లలకు బోటే కావాలె. గని ఒకళ్ళన్న చెప్పాలె గదా.

ఒడ్డుకు నిలబడితె ఎదురంగ బుద్ధుడు. బుద్ధుని కాడ మాత్రం సార్ నాకు మైక్ ఇచ్చిన్రు, ఎందుకంటె ఆ రాయి మా దిక్కుది. భువనగిరి పక్కన రాయగిరి గుట్టది. ఒకటే రాయి, 58 ఫీట్లు. ఆ బండను లెక్కలేనన్ని చక్రాల ట్రైలర్ మీద పట్నం దెస్తుంటె ఊర్లకు ఊర్లు రోడ్డు మీదికి వచ్చి దండం పెట్టినయని మా దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటరు. అప్పటికి నేను కొత్తగ కండక్టర్‌గ చేరిన. 1990 మార్చి 10 నాడు పడవ మీద సాగర్ నడ్మకు తీసుకపోతుంటె ఒరిగి బుద్ధుడు నీళ్ళల్ల పడ్డడు, పాపం మనుషులు గూడ పోయిన్రు. రెండున్నర ఏండ్లకు పైన నీళ్ళ కిందనే ఉన్నడు. ఆ రెండున్నర ఏండ్లు ట్యాంక్‌బండ్ మీద బస్సు పోతున్నప్పుడల్ల ప్యాసింజర్లు కిటికీలకెళ్లి నీళ్ళ దిక్కు చూసి, ఆడ పండుకున్నడు అని చెప్పుకునేది. 1992 డిసెంబర్ 1 నాడు లేపి నిలబెట్టిన్రు. మా ఊరు రాయి మునిగినప్పుడు నన్ను డిపోల మస్తు ఏడిపిచ్చిన్రు, లేచిననాడు నేనే అందరికి చాయ్ తాపిచ్చిన.

ఇగ ట్యాంక్‌బండ్. ఇది కట్ట, అంటె చెరువు కట్ట. 1563ల ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంల హుస్సేన్ షా వలీ కట్టిచ్చిన చెరువు. రాజు తన పేరు పెడ్తరనుకుంటె జనం హుస్సేన్‌సాగర్ అనుడు మొదలుపెట్టిన్రట, అందుకే రాజు పోయి ఇబ్రహీంపట్నంల ఇంకో చెరువు తవ్విచ్చుకున్నడని ఒక కథ చెప్తరు. నిజమో కాదో గని ఈ కథ నాకు బాగ నచ్చింది, రాజుకంటె జనం నోరు పెద్దది అన్నట్టు. కట్టను 1946ల మీర్జా ఇస్మాయిల్ దివాన్‌గ ఉన్నప్పుడు వెడల్పు చేసిన్రు, లేకుంటె మా డబుల్ డెక్కర్లు ఎక్కడ నడిచేటియి.

కట్ట మీది విగ్రహాలు ఎన్టీఆర్ పెట్టిచ్చినయి. బస్సుల పోయేటప్పుడు వరుసగ నిలబడ్డ మనుషులు, అంతే. నడుస్తె ఒక్కొక్కల్ల మొకం కనపడ్తది. పోతన, మొల్ల, వేమన, జాషువా, సురవరం ప్రతాపరెడ్డి, మఖ్దూం. ఇండ్ల నాకు అన్నిటికంటె చిత్రం అనిపిచ్చింది రామదాసు, తానీషా ఇద్దరు ఒకే కట్ట మీద ఉండుడు. ఒకాయనను ఇంకొకాయన గోల్కొండ జైల్ల పెట్టిండు, ఆ జైలు పెట్టిన తానీషాను 1687ల ఔరంగజేబు ఓడగొట్టి పట్టుకపోయిండు. ఇప్పుడు ఇద్దరు పక్కపక్క కాకపోయినా ఒకే గాలి పీల్చుకుంట ఒకే నీళ్ళను చూసుకుంట నిలబడ్డరు. అక్కయ్య అన్నది, సమానంగ ఎండకు ఎండుతున్నరు అని. 2011ల తెలంగాణ కోసం చేసిన మిలియన్ మార్చ్ నాడు కొన్ని విగ్రహాలు పగిలినయి, తర్వాత మల్ల పెట్టిన్రు. ఆ రోజు గూడ మార్చి 10. బుద్ధుడు మునిగిన తారీఖే. సార్ తారీఖులు చెప్తుంటె నేను పట్టుకున్న, ముప్పై ఏండ్లు వేబిల్లు రాసినోన్ని, తారీఖు తప్పిపోదు నాకు. ఆ విగ్రహాలు పగులుడు గురించి మా పదిహేడు మందిల అయిదారు అభిప్రాయాలు వచ్చినయి, కొంచెం గొంతులు గూడ లేసినయి, అక్కయ్య డబ్బ మూత తెరిచి పులిహోర పంచింది. ఆడికి ఆగింది.

కట్ట దిగితె కట్టమైసమ్మ. ఏ చెరువు కట్ట మీదనైన మైసమ్మ ఉంటది, కట్ట తెగకుండ చూసుకునే తల్లి. పట్నం ఎంత పెద్దగైన ఈ ఒక్క పేరు ఇది చెరువు ఊరే అని చెప్తది. దండం పెట్టుకొని ఇందిరా పార్కుకు చేరేసరికి పదకొండు దాటింది, ఏడు కిలోమీటర్ల దాక నడిచినం. పదిహేడు మందిల పద్నాలుగు మందిమి మిగిలినం, ముగ్గురు ట్యాంక్‌బండ్ కాడ ఆటో ఎక్కిన్రు, పేర్లు రాయను.

ఇందిరా పార్కు కాడ నేను ఒప్పుకోవాల్సిన సంగతొకటుంది. యూనియన్ తోటి ధర్నాచౌక్‌ల ఎన్నిసార్లు కూసున్నో లెక్కలేదు. ఎండల, వానల, టవల్ నెత్తిన కప్పుకొని. ఆ గోడకు ఆనుకొనే కూసున్నం. 2017ల ధర్నాలు ఈడ వద్దన్నప్పుడు, 2018ల హైకోర్టు మాటతోటి మల్ల తెరిచినప్పుడు పేపర్లల్ల వచ్చిన వార్తలు దాసిపెట్టుకున్న. గని ఆ గోడ అవతల 76 ఎకరాల తోట ఉన్నదని, 1975ల అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పునాది వేసిండని, 1978ల జనానికి తెరిచిన్రని నాకు తెల్వది. ఎన్నడు లోపలికి పోలే. ఇంటికి కూతవేటు దూరం. ఇగో ఇది చదివి నవ్వుకోండ్రి.

ఇగ అసలు మనవి. దారి పొడుగునా ఇవన్ని మాకు తెలిసింది ఒక్క సార్ వల్లనే. ఆయన రాకుంటె మేం చెట్లు చూసి, సెల్ఫీ దిగి, ఇంటికొచ్చేటోళ్ళం. మేం నడిచిన దాంట్ల పొడి చెత్త, తడి చెత్త, గడ్డి తొక్కరాదు, బాల్ ఆడరాదు, జంటలు ఇట్ల కూసోరాదు అనే బోర్డులు మాత్రం ఎన్నో కనపడ్డయి. ఈడ ఏం జరిగింది అని చెప్పే బోర్డు, అది గూడ నా లాంటోడు కండ్లద్దాలు లేకుండ చదివే అక్షరాలల్ల, చానా తక్కువ. ఒక పార్కుల (ఏ పార్కు అని రాయను, రాస్తె పాపం ఆ గేటు కాడి మనిషి ఉద్యోగం మీదికొస్తది) ఇంతమంది గుంపుగ వచ్చిన్రు, పర్మిషన్ ఉన్నదా, మీటింగా అని మమ్మల్ని ఆపిండు. సార్ నడుస్తున్నం బాబూ అంటె, నడిచేటోళ్ళు ఒకళ్ళు మాట్లాడితె పదిమంది వింటరా అన్నడు. వాని అనుమానం వానిది. ఇంకో కాడ ఆడోళ్ళ బాత్రూంకు తాళం, తాళంచెవి ఉన్నాయన ఆదివారం రాడట. అక్కయ్య కట్ట దాక పోయి తిరిగి ఇంత దూరం ఎట్ల నడిచిందో ఆమెకే తెలుసు.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. కోట్లు వద్దు, లైట్లు వద్దు, రంగుల ఫౌంటెన్ అసలే వద్దు. పబ్లిక్ గార్డెన్స్ నుంచి ఇందిరా పార్కు దాక ఒక తొవ్వ గీయండ్రి, బస్సు రూటు లెక్క. ప్రతి చోట ఒక బోర్డు, తెలుగుల, ఉర్దూల, ఇంగ్లీషుల. ఈ జాగ పేరు ఇది, పేరు ఇట్ల వచ్చింది, ఫలానా సంవత్సరం ఇది జరిగింది, వచ్చే స్టేజీ ఇంత దూరం. అంతే. మా బస్సులల్ల ఫేర్ స్టేజీలు ఎట్ల రాసి ఉంటయో అట్ల. ఇంటికొచ్చి నేను ఒక కాయితం మీద రాసిన గూడ, మొదటి స్టేజీ బాగే ఆమ్, రెండో స్టేజీ గన్‌పార్క్, మూడు నౌబత్ పహాడ్, నాలుగు లుంబినీ, అయిదు కట్ట, ఆరు మైసమ్మ, ఏడు ఇందిరా పార్కు. ఏడు స్టేజీలు, టికెట్ లేదు. ఈ ఏడు స్టేజీల నడ్మల రోడ్డు దాటే కాడల్ల ముసలోళ్ళకు సరిపోయేంత సేపు ఆగే సిగ్నల్ పెడ్తె నేను హోల్డాన్ అని ఒర్లే పని తప్పుతది. పుట్‌పాత్ మీద బండ్లు పెట్టనియ్యకపోతె ఇంకా మంచిది, ఆదర్శ్‌నగర్ దిక్కు మేం ఎక్కువ సేపు నడిచింది రోడ్డు మీదనే.

ఈ మాట మా సార్ తోటి అంటె ఆయన నిజం చెప్పిన్రు, బోర్డు పెట్టుడు అల్కగనే ఉంటది గని అండ్ల ఏం రాయాలె అనే కాడ కొట్లాట వస్తది అని. నిజాం మంచోడా చెడ్డోడా, విగ్రహం పెట్టినోడు గొప్పోడా పగలగొట్టినోని బాధ గొప్పదా, ఏది రాసినా ఒకళ్ళకు కోపం వస్తది, కమిటీ వేస్తరు, ఫైలు పండుకుంటది. నేను ఆలోచించిన. నా లెక్క ఏందంటె, మంచి చెడ్డ రాయకుండ్రి. పేరు, సంవత్సరం, ఎవరు కట్టిచ్చిన్రు, ఎవరి పైసలతోటి, ఎవరు పోయిన్రు, ఇవి రాయండ్రి చాలు. మంచి చెడ్డ మేం కొట్లాడుకుంటం, ట్యాంక్‌బండ్ మీద కొట్లాడుకున్నం గదా, పులిహోర తిని ఇంటికొచ్చినం గూడ. ఇంత పెద్ద పట్నంల చదువుకున్నోళ్ళు ఉన్నరు, యూనివర్సిటీలున్నయి, హెరిటేజ్ వాక్‌లు చేపిచ్చే పిల్లలు గూడ ఉన్నరని విన్న, గని అవి ఎక్కువ ఇంగ్లీషుల అయితయి, నా లాంటోడు ఆడికి పోతె వెనుక నిలబడి తల ఊపుడే.

సారు లాంటోళ్ళు ప్రతి కాలనీల ఒకళ్ళన్న ఉంటరు. రిటైరైన టీచర్లు, లైబ్రరీలల్ల చేసినోళ్ళు, పోస్ట్‌మన్‌లు. వాళ్ళను అడగండ్రి. మీ పేపర్ల గూడ ఆదివారం ఎడిషన్‌ల పావు పేజీ ఇస్తె, ఒక్కో వారం ఒక్కో స్టాపు పేరు వెనుక కథ వేయచ్చు. నేను స్టాపుల లిస్టు ఇస్త, అది నాకు నోటికి వచ్చు.

వచ్చే ఆదివారం మల్ల పోతున్నం, ఈసారి మూసీ దిక్కు. ఉస్మానియా దవాఖాన లోపల ఒక చింతచెట్టు ఉన్నది. ఇప్పుడు దవాఖాన కాంపౌండ్ గని ఎన్కట అది అఫ్జల్ పార్కు. 1908 సెప్టెంబర్ 28 నాడు మూసీ పొంగి పదిహేను వేల మంది దాక కొట్టుకపోతె, ఆ ఒక్క చెట్టు ఎక్కి నూటయాభై మంది బతికిన్రట. ఆ వరద తర్వాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిన్రు. అఫ్జల్‌గంజ్ అని నేను ఎన్నిసార్లు పిలిచిన్నో, ఆ చెట్టు కింద ఒక్కనాడు నిలబడలే. దవాఖానల పేషెంట్లకు ఇబ్బంది కాకుండ అయిదారుగురం అయిదారుగురం పోవాలె అని అనుకున్నం. అక్కయ్య ఈసారి దద్దోజనం అన్నది. పొద్దుగాల ఆరింటికి రాంనగర్ చౌరస్తాల బస్సు ఎక్కుతం, వచ్చేటోళ్ళు రావచ్చు, నీళ్ళ బాటిల్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలె, చిల్లర గూడ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
రాంనగర్, హైదరాబాద్.